నన్ను చంపినా చేతికి రాని సగం ఇల్లు

నన్ను చంపుతామని పోయిన శనివారం పట్టపగలు, మా ఇంటి మెట్ల మీద, నా ముఖం మీదే చెప్పారు. నాకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, అమ్మా బాపూ లేరు. ఏమీ రాయకుండా నేను పోతే ఈ ఇంట్లో నా సగం మా అన్న విజేందర్‌కే చెందుతుంది. ఆయన మర్నాడే దాన్ని అమ్ముతాడు. ఆ అమ్మకం మనుషుల ప్రాణాలు తీస్తుంది. అందుకే ఇప్పుడే రాయవలసి వచ్చింది.

హుజూర్‌నగర్‌లో ఉంటున్న, కీర్తిశేషులు జానయ్య మేస్త్రీ, మారెమ్మ దంపతుల కూతురు స్వర్ణ అను నేను, వయసు ఇరవై ఏడు, సివిల్ డిప్లొమా చదివి కట్టడాల దగ్గర సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నదానను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించిన వీలునామా ఇది. తలకు కుట్లు పడ్డాయి కాబట్టి రేపు ఎవరైనా నా తల చెడిందని అనవచ్చు. దవాఖానలో స్కానింగ్ తీయించి, మెదడు బాగానే ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జత చేశాను. కుడిచేతి వేళ్లు విరిగి కట్టులో ఉన్నాయి. నేను చెబుతుంటే నాతో పాలిటెక్నిక్ చదివిన గ్లోరీ టైపు చేసింది. మా ఇంట్లో సంతకం నేర్చిన మొదటి మనిషిని నేనే. అయినా దీని కింద మా అమ్మలాగే వేలిముద్ర వేస్తున్నాను. అందుకు నాకు చాలా కోపంగా ఉంది.

1. ఆస్తి వివరం. కాలువ కట్ట పక్కనున్న మా ఇంట్లో సగం నాది, సగం మా అన్నది. మున్సిపాలిటీ అనుమతి ఉన్నది కింది అంతస్తుకు మాత్రమే. దాన్ని బాపు కట్టాడు. స్లాబు పోసిన రోజు అందరిలాగే ఆయనా పిల్లర్ల ఇనుప సలాకలను పైకి వదిలాడు. “సలాకలు కనవడితేనే గీ ఇల్లు ఇంకా పెరుగుతదని లోకానికి ఎరుకైతది. పైన నా బిడ్డకొక అంతస్తు ఏస్త” అనేవాడు. తుప్పు పట్టకుండా ఎండాకాలం రాగానే వాటికి సిమెంటు పాలు పూసేవాడు. తెలంగాణ వచ్చిన ఏడాదే బాపు పోయాడు. ఆ తర్వాత వాటిని ఎవరూ పట్టించుకోలేదు. ఏడేళ్లు వానకు తడిసి, గీకితే పొరలుగా రాలే ఆ సలాకల మీదే, అనుమతి లేకుండా, మా అన్న రెండంతస్తులు లేపాడు. నేను అప్పుడు సైటు పని మీద నందికొండలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి రంగులు కూడా వేయించి, కిరాయికి ఇచ్చేశాడు.

2. జరిగిన నష్టం. పోయిన వానాకాలం మొదటి అంతస్తు బాల్కనీ విరిగి, కింద మిర్చీ బజ్జీల బండి పెట్టుకునే అండాలు అనే ఆమె మీద పడింది. అండాలు మా ముందు గదిలో కిరాయికి ఉంటుంది. కాగే నూనె, సిమెంటు పెళ్లలు, ఇనుము అన్నీ కలిసి ఆమె ఎడమ కాలిని నలిపేశాయి. మోకాలి కింద తీసేశారు. ఆమె కేకను నేను చనిపోయేదాకా మరవను. మా అన్న వారం తిరగకముందే విరిగిన అంచును సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టించాడు. పై వాళ్లంతా ఖాళీ చేసి పోయారు. మా అన్న ఆ రోజు నుంచి ఇంట్లో పడుకోవడం లేదు, బయట ఆటోలో పడుకుంటున్నాడు. ఇంటి సంగతి ఆయనకు తెలుసని చెప్పడానికే ఇది రాయిస్తున్నాను. “గిది మన మీద పడకముందే ఇంకొకని మీదికి తోసేద్దాం” అని నాతో ఆయనే అన్నాడు.

3. కొంటానని వచ్చినవాడు బాలకృష్ణ. మొత్తం నగదే ఇస్తానన్నాడు. పై రెండంతస్తుల్లో మంచం మీద మంచం వేసి బియ్యం మిల్లుల హమాలీలను పెట్టి కిరాయి తీసుకుంటాడట. అనుమతి లేదని, పిల్లర్లు ఆగవని నేను అన్నీ చూపించి చెప్పాను. “చెల్లె, బ్యాంకు లోను తీస్కునేటోడు కొంటే ఇంజనీరు వస్తడు, గోడ గీకుతడు. నేను పైసలు సంచిల తెస్త. సంచికి కండ్లుంటయా?” అని నవ్వాడు. నేను సంతకం పెట్టనన్నాను.

ఫిబ్రవరి 24న ఇద్దరు మనుషులను వెంటేసుకుని వచ్చాడు. మా అన్న నా జుట్టు పట్టి మెట్ల మీదికి ఈడ్చాడు. “పెట్టవే సంతకం! నిన్ను చదివిచ్చింది గిందుకేనా?” అని తల గోడకేసి కొట్టాడు. పెన్ను పారేశానని వాళ్లలో ఒకడు బూటుకాలితో నా వేళ్లు తొక్కాడు, విరిగిన చప్పుడు వినేదాకా తొక్కాడు. మెట్టు మీద బాపు తాపీ ఉంది. ఎడమచేత్తో దాన్ని తీసి మా అన్న నుదుటి మీద కొట్టాను. ఎముక దాకా తెగింది. ఇంకో దెబ్బ వేసేదాన్నే, మరొకడు నా నడుము మీద తన్నాడు.

అప్పుడు బాలకృష్ణ నిదానంగా అన్నాడు. “ఎందుకు విజేందరూ గింత లొల్లి? సిలిండరు లీకైందనుకో, ఎవ్వలేం జేస్తరు? నీ చెల్లె పోతే మొత్తం నీదే గదా.”

నేను కింద పడి మా అన్న ముఖం వైపు చూశాను. కండ్లలోకి నెత్తురు కారుతుంటే తుడుచుకున్నాడు. వద్దని మాత్రం అనలేదు.

4. కావున ఈ ఇంట్లో నా సగం వాటాను, నా తర్వాత, పైన చెప్పిన అండాలుకు సర్వహక్కులతో ఇస్తున్నాను. షరతు ఒక్కటే. పై రెండంతస్తులు నేలకు దించనిదే ఈ ఇంటిని ఎవరికీ అమ్మకూడదు, ఎంత నగదు తెచ్చినా సరే. దించిన తర్వాత ఆమె ఇష్టం. మొదట అడిగినప్పుడు ఆమె ఒప్పుకోలేదు. “ఇల్లు నేనేం జేసుకోను బిడ్డా, కాలియ్యి, చాలు” అంది. వాళ్లు నీ మీదికి కూడా వస్తారని దాచకుండా చెప్పాను. ఆమె మూకుట్లో నూనె పోసింది. తర్వాత “రానియ్యి. నూనె కాగుతనే ఉంటది” అంది. ఇప్పుడు నన్ను చంపితే మా అన్నకూ బాలకృష్ణకూ ఎదురయ్యేది నాకంటే మొండి మనిషి.

5. బాపు తాపీని మా అన్న విజేందర్‌కు ఇస్తున్నాను. నుదుటి మీద మచ్చ ఎక్కడిదని ఎవరైనా అడిగితే చూపించుకోవచ్చు. దాంతోనే బాపు మా ఇద్దరికీ ముద్ద పెట్టాడని కూడా చెప్పాలి.

6. గోడ నిలువు చూసే ఇత్తడి గుండు, దారం మా అన్న కూతురు కరుణకు. మూడో తరగతి చదువుతోంది. మన అల్మారా తలుపు దానంతట అదే ఎందుకు తెరుచుకుంటోంది అత్తమ్మా అని ఈ ఇంట్లో అడిగిన ఒకే ఒక్క మనిషి అది. నా పుస్తకాలు, నా సైకిలు కూడా దానికే. సైకిలు సీటు కిందికి దించి ఇవ్వాలి. దాన్ని ఈ ఇంట్లో పడుకోబెట్టవద్దని వాళ్ల అమ్మకు దండం పెట్టి చెబుతున్నాను.

7. అంత్యక్రియలు. నన్ను మా అమ్మ పక్కన పెట్టాలి. శవాన్ని ఇంటి ముందు బాల్కనీ కింద ఉంచవద్దు. చూడటానికి జనం గుమిగూడతారు, అది మళ్లీ విరుగుతుంది. నా మూలంగా ఇంకెవరూ నలగకూడదు. బాలకృష్ణ దండ తెస్తే గేటు దగ్గరే తీసుకుని చింపి కాలువలో వేయాలి. ఆ పని గ్లోరీ అడిగి మరీ తీసుకుంది.

8. నేను సిలిండరు వల్లగానీ, జారిపడిగానీ, కాలువలో పడిగానీ చనిపోతే అది ప్రమాదం కాదు. మూడో అంశాన్ని పోలీసుల ముందు పెట్టాలి.

9. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత, నన్ను హాస్టల్‌లో చేర్చి చదివించిన మా నిర్మలమ్మ టీచరుకు అప్పగిస్తున్నాను. ఆమె ఒప్పుకున్నారు. దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీని నకళ్లు ఆమెకు, అండాలుకు, మా అన్నకు, బాలకృష్ణకు పంపుతున్నాను. బాలకృష్ణకు ఎందుకంటే, నన్ను చంపడం వల్ల తనకు ఏమీ రాదని చంపే ముందే తెలియాలి.

హుజూర్‌నగర్, 2024 మార్చి 2, శనివారం.

స్వర్ణ (ఎడమ బొటనవేలి ముద్ర)

మా ఎదుటే చదివి వినిపించగా ఒప్పుకుని ముద్ర వేసినందుకు సాక్షులు:
1. గ్లోరీ
2. భిక్షం, సెంట్రింగ్ మేస్త్రీ

అన్నా, నీ నకలు మీద మాత్రమే ఇది రాయిస్తున్నాను. పదకొండో తారీఖున రిజిస్ట్రేషన్ అని బాలకృష్ణకు మాటిచ్చావట. నేను రాను. పై అంతస్తులు దించడానికి భిక్షం మేస్త్రీని మాట్లాడాను. నువ్వు సరే అంటే ఇద్దరం కలిసి దించుదాం. ఆ తర్వాత ఇల్లు అమ్ముదామన్నా సంతకం పెడతాను, ఈ వీలునామాను నీ ముందే చింపి వేరేది రాస్తాను. కాదంటే పదకొండున పొద్దున్నే, కూల్చమని నేనే మున్సిపాలిటీలో దరఖాస్తు ఇస్తాను. తొమ్మిదో తారీఖు శనివారం సాయంత్రం లోపల జవాబు చెప్పు. మనిషిని పంపవద్దు. ఆ రోజు మెట్ల మీద అనని మాట ఇప్పుడైనా అంటావో లేదో, అది నీ నోటితోనే వినాలి.