పన్నెండో కథ చదివేముందు

ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 17, ఆదివారం.

శ్రీవారికి ప్రవీణ నమస్కారాలు.

ఇంట్లో అందరం బాగున్నాం. ఆపరేషనైన అత్తమ్మ కన్ను కూడా బాగుంది కాబట్టి ఈసారి ఆ మాట అలవాటుగా కాక నిజంగానే రాస్తున్నాను. మస్కట్‌లో ఎండ కాస్త దిగిందని, మీ మోకాలు మీ మాట వింటోందని తలుస్తాను. ఫోన్లో నువ్వు అంటాను గానీ కాగితం మీద మీరు అనే వస్తోంది. రచయిత్రినయ్యాను కదా, ఆ మాత్రం మర్యాద ఉండాలి.

ఫోనుండగా ఇంత పొడుగు ఉత్తరమేమిటి అనుకుంటారు. మీ గదిలో ఎనిమిది మంది. నేను ఇక్కడ దగ్గితే అక్కడ అందరికీ వినబడుతుంది. ఇందులోని సంగతి మీ ఒక్కరికే. రుద్రంగి నర్సన్న సెలవు అయిపోయి మళ్లీ మీ క్యాంపుకే వస్తున్నాడు. మామిడికాయ తొక్కు, సకినాలు, నా కథల పుస్తకం అతని చేతికిచ్చాను. పుస్తకంలో పన్నెండో కథ పేజీలను దారంతో కట్టాను. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆ దారం విప్పొద్దు.

అతని చేత మీరు పంపిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. వెనకింటి రేకులు మార్పించాను, ఈ వానలకు చుక్క పడలేదు. మన బిడ్డ రాధిక జగిత్యాలలో బాగానే చదువుతోంది, హాస్టల్ కూరలను తిట్టడం మాత్రం మానలేదు. ఇక, ‘గన్ని పుస్తకాలు ఎవరు కొంటరే’ అని అడిగారు. దానికి జవాబు కాస్త పొడుగు, టీ పెట్టుకొని చదవండి.

అచ్చు వేయించింది మూడు వందలు. కోరుట్ల దుకాణంలో జాకెట్లకు కాజాలు కుడుతూ కుడుతూనే ప్రూఫులు చూశాను. జగిత్యాలలో టైపు చేసినాయన మంచివాడే గానీ, నేను తొక్కు అని రాసిన ప్రతిచోటా పచ్చడి అని దిద్దాడు. తప్పు సవరించానన్నాడు. మా అత్తమ్మ పెట్టేది తొక్కే, పచ్చడి ఎట్లా అవుతుందని కూర్చొని అన్నీ మళ్లీ మార్పించాను. అప్పటినుంచి నన్ను చూస్తే కుర్చీ వేస్తున్నాడు.

తీరా కట్టలు ఇంటికొచ్చాక విప్పి చూస్తే ముప్పై పుస్తకాలకు అట్ట తలకిందులు. ప్రెస్సువాళ్లు పదిరోజులు ఆగమన్నారు. మర్నాడే సిరిసిల్లలో మహిళా సంఘాల మీటింగు, అక్కడ బల్ల మీద పుస్తకాలు పెట్టుకోమని పిలిచారు. నాకు ఒళ్లు మండింది. ఇస్త్రీపెట్టె వేడి చేసి వెన్ను మీద ఆనించాను. బంక కరిగి అట్ట ఊడింది. తిప్పి పెట్టి, మందం దారంతో రెండు కుట్లు వేసి మళ్లీ అంటించాను. సాయంత్రానికి ముప్పై తయార్. ఇరవై ఏళ్లుగా జాకెట్ల చంకలు సరిచేస్తున్న చేయి, అట్ట ఒక లెక్కా?

సిరిసిల్లలో మొదటి గంట ఒక్కరూ తాకలేదు. ఒకామె వచ్చి ఊరికే ఇస్తారా అని అడిగింది, ఇంకొకామె నన్ను గుర్తుపట్టి జాకెట్టుకు ఎంత తీసుకుంటున్నానని అడిగింది. తర్వాత మరమగ్గాల దగ్గర దారం కండెలు చుట్టే ఆమె నిలబడి ఒక కథ చదివింది. కుర్చీ లాక్కొని ఇంకోటి చదివింది. వెళ్లిపోయింది. నేను ఆశ వదులుకున్నాక ఇంటికెళ్లి చెల్లెల్ని వెంటబెట్టుకొని వచ్చి రెండు కొన్నది, సంతకం పెట్టమంది. నా సంతకం సంఘం పుస్తకంలో తప్ప ఎక్కడా పెట్టి ఎరగను. నెమ్మదిగా పెట్టాను, అక్షరాలు బాగానే వచ్చాయి.

చుట్టాలే కష్టం. అందరికీ ఊరికే కావాలి. అత్తమ్మే అడ్డం తిరిగింది. “జాకెట్టు ఊకెనే కుడుతున్నవా? మరి పుస్తకమెందుకు ఊకెనే ఇచ్చుడు?” అన్నది. అక్షరం ముక్క రాని మనిషి, ఇప్పుడు నాకు మేనేజర్.

ఇక అసలు సంగతికి వస్తాను. పన్నెండో కథలో గల్ఫ్‌కని బయల్దేరి, ఏజెంటు మోసం చేస్తే బొంబాయిలోనే ఆగిపోయి, సిగ్గుతో ఇంటికి చెప్పుకోలేకపోయిన మనిషి ఉన్నాడు. అతనికి గంగారాం అని పేరు పెట్టాను. మన దిక్కు ప్రతి వాడకూ ఒక గంగారాం ఉంటాడు కదా, ఎవరికీ ఫలానా అని అనుమానం రాదనుకున్నాను. నా తెలివి అట్లా తెల్లారింది.

పుస్తకం బయటికొచ్చిన రెండో వారం కోరుట్ల ఆటో గంగారాం దుకాణం ముందు ఆటో ఆపి దిగాడు. కొట్లాటకే వచ్చాడు. “అక్కా, నేను బొంబాయిల ఉన్న సంగతి నీకెవలు చెప్పిండ్రు? మా ఇంట్లనే ఎవలకు తెల్వది” అన్నాడు. నాకు తెలియదని ఎంత చెప్పినా నమ్మలేదు. నాలుగు రోజులకు కోనరావుపేట నుంచి ఇంకో గంగారాం. ఆ తర్వాత మన ఊరి చివరి పసుపు చేను గంగారాం. ముగ్గురూ వేరువేరుగా వచ్చి అదే మాట అడిగారు. ముగ్గురూ అట్లాగే ఆగిపోయారట, ముగ్గురూ ఎవరికీ చెప్పలేదట. ఇన్నాళ్లూ ఎవరికి వారు తామొక్కరే అనుకున్నారు.

మొన్న కోనరావుపేట ఆయన భార్య వచ్చింది. ఆమె కూడా తిట్టడానికే అనుకొని కత్తెర కింద పెట్టాను. ఆమె కూర్చొని, “పదిహేనేండ్ల సంది కడుపుల పెట్టుకున్నడు. నీ కథ సదివినంక నా ముంగట కూసొని చెప్పిండు. చెప్పినంక బువ్వ మంచిగ తిన్నడు” అన్నది. ఆమె పోయాక దుకాణం తలుపు సగం దించుకొని ఏడ్చాను. ఎందుకో మీకు చెప్పాలి.

ఆ కథ వాళ్లెవరిదీ కాదు. మీది.

మీరు మొదటిసారి మస్కట్ పోలేదు. ఏడు నెలలు బొంబాయిలో ఉండి, కంపెనీ మూతపడిందని చెప్పి ఇంటికొచ్చారు. ఈ సంగతి మీరొచ్చిన రోజే నాకు తెలిసింది. మీ సంచి విప్పింది నేనే. ఫారిన్ సబ్బుల డబ్బా అడుగున బొంబాయి దుకాణం చీటీ అంటించి ఉంది, ధర రూపాయల్లో. వాకిట్లో చుట్టాలందరూ కూర్చున్నారు. అత్తమ్మ సబ్బు కోసం చేయి చాపింది. నేను చీటీని గోరుతో ఊడదీసి, డబ్బా ఆమె చేతిలో పెట్టాను.

మీరే చెబుతారని కొన్నాళ్లు చూశాను. అత్తమ్మ ఆ సబ్బు వాసనను పదిమందికి మెచ్చుకుంటూ చెబుతుంటే మీరు లేచి బయటికి వెళ్లేవారు. అడిగితే మీరు ఇంకా చిన్నబోతారని అడగలేదు. మరుసటేడు నిజంగానే వెళ్లారు. పందొమ్మిదేళ్లు గడిచాయి.

మీ బాధను మిమ్మల్ని అడగకుండా రాయడం తప్పే. పీడీఎఫ్ పంపమని మూడుసార్లు అడిగారు, ఫైలు తెరుచుకోవడం లేదన్నాను. ఫైలుకు ఏ రోగమూ లేదు. ధైర్యం చాలనిది నాకే. మిగతా పదకొండు కథలకు ఎవరికైనా ఎదురు నిలబడి జవాబు చెప్పగలను. దీనికి మాత్రం మీ ముందు తల దించుతున్నాను.

మూడు వందలూ అయిపోవచ్చాయి. మంచం కింద ఒక్క కట్టే మిగిలింది. ప్రెస్సువాళ్లు రెండోసారి వేద్దామంటున్నారు, మీ మాట వచ్చాకే అన్నాను. ముత్యం అనే మీ పేరు అందులో ఎక్కడా లేదు, ఎవరికీ తెలియదు. అయినా మీరు వద్దంటే ఆ కథ తీసేసి పదకొండుతోనే వేస్తాను. కోపం తెచ్చుకోను, కారణమూ అడగను. ఉంచమంటే మాత్రం ఆ ముగ్గురు గంగారాంలకు తలా ఒక పుస్తకం ఊరికే ఇస్తాను, అత్తమ్మ ఏమన్నా సరే.

ఆ చీటీ ఇన్నేళ్లూ నా మిషను సొరుగులో సూదుల డబ్బా కింద ఉంది. దాన్ని పన్నెండో కథ మొదటి పేజీలో పెట్టి దారం కట్టాను. ఇక అది మీది. చింపేస్తారో, దాచుకుంటారో మీ ఇష్టం.

ఒక్క మాట కథలో రాయలేకపోయాను. ఆ రోజు బస్సు దిగుతుంటే నేను చూసింది మీ సంచిని కాదు. మీరు ఉత్త చేతులతో వచ్చినా అంతే ఉరికి వచ్చేదాన్ని.

ఇట్లు,
అప్పుడూ ఇప్పుడూ మీ భార్య,
ప్రవీణ