ముందు మీ ధర చెప్పండి

విమాన కంపెనీ పాయింట్లు చూసే ఆఫీసరు గారికి,

పద్నాలుగేళ్లుగా దుబాయి పనికి మీ విమానంలోనే వెళ్లొస్తున్నాను. వేరేవి చవకైనా ఎక్కలేదు. ఎక్కినప్పుడల్లా మీరు వేసే పాయింట్లు ముప్పై వేలైతే ఒక టికెట్టు ఉచితమన్నారు. నా భార్య జమ్ములమ్మకు దుబాయి చూపిద్దామని కూడబెట్టాను. ముప్పై వేలు నిండిన నెలలోనే నలభై అన్నారు. నలభై నిండగానే యాభై ఐదన్నారు. ఆమె పాస్‌పోర్టు ఒక్కసారీ వాడకుండానే గడువు ముగుస్తోంది.

"నీకు ఎన్నున్నయో చూసే పెంచుతుండ్రు. మన సంతల ఎడ్ల బేరగాడు గూడ గంతే గదా, జేబు చూసినంకనే ధర చెప్తడు," అంటుంది జమ్ములమ్మ.

నాకూ అదే అనుమానం. అందుకే ఇందులో నా పేరు, మెంబరు నంబరు రాయలేదు. టికెట్టుకు ఎన్ని పాయింట్లో ముందు మీరు రాసి, సంతకం పెట్టి, అయిజ బస్టాండు పక్క చాయ్ హోటల్‌కు పంపండి. నేనెవరని అడిగినా హోటలాయన చెప్పడు.

ఇట్లు,
మీ విమానం ఎక్కేవాళ్లలో ఒకడు