పదో సంతకం

తమ్ముడూ, దేవుడు చల్లగానే చూస్తున్నాడు, నా గురించి బెంగపెట్టుకోకు.

మేయరు రాజీనామాతో వచ్చిన ఉపఎన్నికలో నా నామినేషను ఖాయమైంది. నేను ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన కాన్పుల వార్డును ఆయన మూయించాడు. మొన్న దర్జీ కోడలు బస్సులోనే కనింది. ఆ వార్డు తెరిపించాలనే నిలబడ్డాను.

చివరిరోజు చిన్న గొడవైంది. నన్ను ప్రతిపాదిస్తూ పదిమంది సంతకాలు చేయాలి. బేకరీ ఆయన ఉత్సాహం కొద్దీ భార్య సంతకం కూడా తనే గీకేశాడు. ఎన్నికల గుమాస్తా కనిపెట్టి ఆ సంతకం కొట్టేశాడు. కబురందగానే ఆవిడ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "నా సంతకం నువ్వు పెట్టడమేంటయ్యా? నా చేతులేమన్నా అరిగిపోయాయా?" అని మొగుణ్ణి దులిపేసి, తనే పెట్టింది. పిండి అంటిన కాగితం చెల్లదనే నియమం గుమాస్తాకు ఎంత వెతికినా దొరకలేదు.

మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? నా గొడుగు మీ ఇంట్లో ఉండిపోయింది, పంపించు. ఎండలో ఇల్లిల్లూ తిరగాలి.

పేరు వెనక్కి తీసుకోవడానికి శుక్రవారం దాకా గడువుందని గుర్తుచేశావు. శుక్రవారం నాకు ప్రార్థన ఉంది, తీరిక లేదు.

పిల్లలకు నా దీవెనలు చెప్పు.

పెద్దక్క