సుగుణమణి అక్క సమాధి రాయి

గన్‌ఫౌండ్రీ బ్యాంకు ఆఫీసరు, మా తమ్ముడు జ్ఞానశేఖర్‌కు చిన్నక్క రాయునది.

అక్క సమాధి రాయి గురించి నువ్వు పంపిన మూడో చీటీ అందింది. మొదట 'డైడ్' మోటుగా ఉంటుంది, 'పాస్డ్ అవే' చెక్కించమన్నావు. తర్వాత అది అందరూ వాడేదే, 'డిపార్టెడ్' అన్నావు. ఇప్పుడేమో మీ మేనేజరుగారి భార్య చూడటానికి వస్తుంది కనుక 'ఫెల్ అస్లీప్' అయితే హుందాగా ఉంటుందట. రాయి చెక్కే మల్లయ్య విసుక్కున్నాడు. "ఏందమ్మా, రోజుకో మాట పంపుతున్రు? జర ఒక్కటి ఖాయం చెయ్యున్రి."

ఆ ఇంగ్లీషు నీకు అక్క చాదర్‌ఘాట్‌లో జాకెట్లు కుట్టి చెప్పించింది. నాంపల్లి ఆసుపత్రిలో ఆమె నెల్లాళ్లు మంచం మీదుంటే, నీ బ్యాంకు నుంచి ఆ మైలు దూరం రావడానికి నీకు తీరిక లేకపోయింది. సమాధి చేసేనాడు మాత్రం టై కట్టుకుని వచ్చావు. మాటలు ఏరడానికైతే నీకు బోలెడు తీరిక.

ఇక ఏరక్కర్లేదు. రాయి నిన్ననే నిలబెట్టించాను. పేరు కింద, పోయేదాకా అక్క నన్ను అడిగిన మాటే తెలుగులో చెక్కించాను: "తమ్ముడు వచ్చాడా?"

ఆదివారం మేనేజరుగారి భార్యను తీసుకురా. అదేమిటో ఆమెకు ఇంగ్లీషులో నువ్వే చెప్పు.

చిన్నక్క