అక్క చేసిన తప్పు

మార్చి 3
అక్క పాసైంది! మునిసిపల్ ఆఫీసు తరఫున నేను నడిపే సైకిల్ ట్రైనింగ్‌లో బ్యాచ్ ఫస్ట్. తను బడి గుమ్మం తొక్కలేదు. హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఉతికి నన్ను డిగ్రీ దాకా చదివించింది. తన జీవితంలో ఇదే మొదటి పరీక్ష. సాయంత్రం బావ స్కూటర్ వెనక కూర్చుని, అద్దం చూడు, చెయ్యి చూపించు, రోడ్డు అంచుకి నక్కకు అని దారంతా పాఠాలు. ఈ ఇంట్లో ఒక టీచరమ్మ చాలదా దేవుడా అని బావ నెత్తి కొట్టుకున్నాడు.

మార్చి 11
మీటింగ్. హాస్పిటల్ రోడ్డులో గట్టు కట్టి సైకిళ్లకి వేరే లేన్ ఇవ్వాలా వద్దా అని. పార్కింగ్ పోతుందని షాపులవాళ్ల గోల. ఇంజనీరు గారు లేచి, గట్టెందుకండీ, మనుషులకి నేర్పితే సరిపోతుంది, మన మేడమ్ అక్కగారినే చూడండి, అక్షరం ముక్క రాకపోయినా ఆ రోడ్డు మీద రాణిలా వెళ్తోంది అన్నారు. చప్పట్లు. లేన్ ఫైలు పక్కకి పోయింది. నాకు ఇంకో రెండు బ్యాచ్‌లు వచ్చాయి.
గర్వంగానే ఉంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

మార్చి 12
అక్కకి చెప్పాను. అంతమంది పెద్దవాళ్లలో నా గురించా, నిజం చెప్పవే, అని పదే పదే అడిగింది. కునుకు తీస్తున్న బావని లేపి, ఆయన ముందు మళ్లీ చెప్పించింది.

మార్చి 26
అక్క లేదు.

ఏప్రిల్ 2
హాస్పిటల్ రోడ్డు మూల మలుపు. లారీ.
అందరికీ ఒకటే ప్రశ్న, అక్క ఏం తప్పు చేసిందని. డ్యూటీకి ఆలస్యమై తొందరపడి ఉంటుంది పాపం, అని లాండ్రీ సూపర్‌వైజర్. ఆ వయసులో సైకిలెందుకమ్మా, అని పక్కింటి పిన్ని. బావ మాత్రం నన్నే అడిగాడు, నువ్వు నేర్పినదాంట్లో ఏది మర్చిపోయిందమ్మా అని.
ఏదో ఒకటి మర్చిపోయే ఉండాలి. అప్పుడు మిగతావాళ్లకి ఆ ఒక్కటీ ఇంకాస్త గట్టిగా చెప్పొచ్చు. వాళ్లు బతుకుతారు. నేనూ బతుకుతాను.

ఏప్రిల్ 4
పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరా వీడియో చూశాను. వద్దమ్మా, తట్టుకోలేవు, అన్నాడు కానిస్టేబుల్. మళ్లీ వేయమన్నాను. మళ్లీ.
పరీక్ష పెట్టినప్పుడు చూసినట్టే చూశాను. వెనక్కి తిరిగి చూసింది. అంచుకి నక్కలేదు. డ్రైవర్‌కి కనబడే చోటే ఆగింది. పచ్చ లైటు పడ్డాకే కదిలింది. తిన్నగా వెళ్లింది. పక్కనున్న లారీ ఆమె మీదుగా మలుపు తిరిగింది.
ఒక్క తప్పు చెయ్యవే అక్కా, నీకు దండం పెడతాను, ఒక్కటి చెయ్యి అనుకుంటూ చూశాను.
చెయ్యలేదు.

ఏప్రిల్ 9
ఇంజనీరు గారు పిలిచారు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. ట్రైనింగ్ సరిపోలేదు, ఇంకో వారం పెంచాలి అని రేపు మీటింగ్‌లో చెప్పమ్మా, లేదంటే ప్రోగ్రామే ఎత్తేస్తారు అన్నారు. నా ఉద్యోగం గురించీ నిజంగానే బాధపడ్డారు.
ఇంటికొచ్చి బావకి చెప్పాను. మీ అక్క రాసింది ఒక్క పరీక్ష, అదీ ఫెయిల్ చేస్తావా, అన్నాడు.

ఏప్రిల్ 10
చెప్పాను. మా అక్క ఏ తప్పూ చెయ్యలేదు, నేను నేర్పిందంతా నేర్పినట్టే చేసింది, చచ్చిపోయింది, గట్టు ఉంటే బతికేది అని. షాపుల సంఘం ప్రెసిడెంట్ లేచి నిలబడి సంతాపం తెలిపాడు. కూర్చోకుండానే పార్కింగ్ సంగతి ఎత్తాడు.
లేన్ విషయం వచ్చే ఏడాది చూద్దామన్నారు. నడుస్తున్న బ్యాచ్‌తో ట్రైనింగ్ ఆపేయమన్నారు.

ఏప్రిల్ 13, ఉదయం
బ్యాచ్‌లో అందరూ వచ్చారు. హాస్పిటల్ రోడ్డు మూల దాకా తీసుకెళ్లాను. అక్కడ సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటడం నేర్పాను.
అందరికీ మొదటిసారే వచ్చేసింది.