మల్లెగుత్తికి రెండు దీనార్లు

మబ్రూకా, ట్యూనిస్ రేవులో నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

వడగాలికి మొగ్గలు సగం రాలిపోయాయని నిన్న మల్లెగుత్తి ధర దీనారు నుంచి రెండుకు పెంచాను. "రొట్టెకైతే ఇస్తాం గానీ, పూలకా!" అని నవ్వుకుంటూ జనం సముద్రం వైపు వెళ్ళిపోయారు. విచ్చుకుంటున్న గుత్తుల మధ్య కలలో ఉన్నట్టు ఒక్కణ్ణే నిలబడ్డాను. ముసలి జాలరి హమ్మాది మాత్రం బేరమాడకుండా ఒక గుత్తి కొని, ఇక్కడి మగవాళ్ళలాగే చెవి వెనక దోపుకున్నాడు.

"ఇంత ధర పెట్టి ఎందుకు బాబాయ్?"

"మీ పిన్నికి చూపు పోయిందిరా. గుమ్మంలోకి వచ్చింది నేనేనని ఈ వాసనే చెబుతుంది."

మానుకోగలిగినవాళ్ళంతా మానుకున్నారు. నేను పెంచిన ధర మానుకోలేని ఆ ఒక్కడి నెత్తినే పడింది. ఇవాళ మళ్ళీ దీనారే.

గుత్తులు కట్టే గడ్డిపుల్లలు అయిపోయాయి, పంపు. మేక ఈనిందా? పిల్లలకు దీవెనలు. శుక్రవారం వస్తాను. తలుపు తట్టను, వాసన చూసి తియ్యి.

నీ తుహామీ