చెంచా చప్పుడును సాక్ష్యంగా నమోదు చేయుట గురించి

విచారణాధికారి థర్మన్ ప్రూయిట్ గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా అక్క వెర్నా హచెన్స్‌కు పగటి సహాయకురాలిని సోమవారం నుంచి తొలగిస్తూ తమరిచ్చిన ఉత్తర్వు, ముఖాముఖి విచారణ కోరుట.

మొదట జరిగినవి, జరిగిన వరుసలో:

1. మూడేళ్ల క్రితం పక్షవాతంతో అక్కకు మాట పోయింది, కుడివైపు పడిపోయింది. వినికిడి, బుద్ధి చక్కగా ఉన్నవి. చెంచాతో బల్ల మీద ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. ఇది ఆమె దస్త్రం తొమ్మిదో పుటలో ఉన్నది.

2. ఏప్రిల్‌లో తమ శాఖ నర్సు అక్కను ఫోనులో పరీక్షించి, "ఇబ్బంది ఉన్నట్లు చెప్పలేదు" అని రాసుకొన్నది. ఈ వాక్యంలో అబద్ధం లేదు.

3. పోయిన గురువారం తమరు మా అప్పీలునూ ఫోనులోనే విన్నారు. ఒంటరిగా స్నానం చేయగలవా అని అడిగారు. అక్క రెండుసార్లు కొట్టింది. మంచం దిగగలవా అన్నారు. మళ్లీ రెండుసార్లు. అప్పుడు తమరన్న మాట రాసి ఉంచాను: "ఎవరో వంటింట్లో ఏదో కొడుతున్నారయ్యా. ముందు ఆ గోల ఆపించు."

"అది మా అక్కేనండీ. మీకు జవాబు చెబుతోంది," అన్నాను.

"నువ్వు మధ్యలో దూరకు. ఆవిణ్ణే చెప్పనీ," అన్నారు.

అక్క చెంచా కింద పెట్టేసింది.

4. ఉత్తర్వులో "అర్జీదారు సాక్ష్యమివ్వలేదు" అని ఉన్నది.

ఇక తమ తూకం సంగతి. న్యాయమైన విచారణ లేకుండా ఎవరి హక్కూ లాక్కోరాదని అమెరికా రాజ్యాంగం పద్నాలుగో సవరణ చెబుతున్నది. ఎంత విచారణ చాలునో తేల్చటానికి కోర్టులు మూడింటిని తూస్తాయి: మనిషికి కలిగే నష్టం, వాడిన పద్ధతిలో పొరపాటుకున్న అవకాశం, మెరుగైన పద్ధతి వల్ల ప్రభుత్వంపై పడే భారం. నేను బడి మానేసినవాణ్ని. ఇది గ్రంథాలయంలో నాలుగు శనివారాలు కూర్చుని నేర్చుకొన్నాను. తమరికి అంతకన్న ఎక్కువ వ్యవధి దొరికి ఉండును.

నష్టం "స్వల్పం" అన్నారు. సహాయకురాలు రాకపోతే నేను పనిలో ఉండే తొమ్మిది గంటలూ అక్క మంచంలోనే పడి ఉండాలి, లేదా తొంభై మైళ్ల అవతలి వృద్ధాశ్రమానికి పోవాలి. అక్కకు యాభై ఒకటి. పొరపాటుకు "తావు లేదు" అన్నారు. మాట లేని మనిషిని ఫోనులో విచారించటం కన్న పెద్ద పొరపాటు చేయాలంటే శిక్షణ పొందాలి. ఇంటికి వచ్చి చూడటం "మోయలేని భారం" అన్నారు. తమ మెట్ల నుంచి మా గుమ్మానికి ఇరవై రెండు మైళ్లు. నా ట్రక్కులో పోయి కొలిచాను.

నేను మొక్కజొన్న గోదాములో కాటా చూస్తాను. లారీ కాటా మీదికి ఎక్కకముందే బరువు రాసేవాణ్ని మేము మధ్యాహ్నం లోపల ఇంటికి పంపుతాము.

కావున శుక్రవారం ఉదయం తొమ్మిదికి అక్కను చక్రాల కుర్చీలో తమ గదికి తెస్తాను. చెంచా మేమే తెచ్చుకొంటాము. తమరు ప్రశ్నలడిగి, చప్పుళ్లు లెక్కపెట్టి, ఉత్తర్వు రద్దు చేయవలెను. రెండు వరకు లెక్కించటం తమ శాఖకు మోయలేని భారం కాదని నమ్ముతూ, దీనిని ఈసారైనా చదివి చిత్తగించగలరని కోరు,

తమ విధేయుడు.

తా.క.: ఇది అక్కకు చదివి వినిపించాను. కొంచెం మెత్తగా రాయనా అని అడిగాను. రెండుసార్లు కొట్టింది.

బుధవారం, సాయంత్రం 6 గంటల 40 నిమిషాలు.
డెల్బర్ట్ రాయ్ హచెన్స్